క్రికెట్ 24: ప్యాచ్‌లు ఏం బాగుచేశాయి, ఏం బాగుచేయలేవు

క్రికెట్ 24 పీసీలో, కన్సోల్‌లో ఆడే వీడియో గేమ్. విడుదలయ్యాక దాన్ని సరిచేయడానికి స్టూడియో పంపే అప్‌డేట్‌నే ప్యాచ్ అంటారు. కొత్త ప్యాచ్ దిగిన మర్నాడు ఆ ఆట ఆడేవాళ్లలో కొందరు ఆట బాగుపడిందంటారు, కొందరు పూర్తిగా చెడిపోయిందంటారు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఒకరు ఆడేది టీ20లు, ఇంకొకరు ఆడేది టెస్టులు. ఒకరిది సెకనుకు 60 ఫ్రేమ్‌లు (బొమ్మలు) నిలకడగా చూపించే పీసీ, ఇంకొకరిది తడబడుతూ నడిచే పాత కన్సోల్. ప్యాచ్‌లో మారిన ఒక్క అంకె ఈ ఇద్దరి ముందూ రెండు వేర్వేరు ఆటలను పెడుతుంది. అందుకే అప్‌డేట్ మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, అది ఆటలో ఏ పొరను తాకిందో చూడాలి. ప్యాచ్‌తో అంకెలు మార్చవచ్చు, తెగిపోయిన లంకెలు కలపవచ్చు, క్రాష్‌లు ఆపవచ్చు. ఆటగాళ్ల కదలికలను, బంతి లెక్కను ఏ పునాది మీద కట్టారో, దాన్ని మాత్రం ప్యాచ్‌తో మార్చడం దాదాపు అసాధ్యం. క్రికెట్ 24లో మెచ్చుకోదగ్గవీ, ఇప్పటికీ విసిగించేవీ ఎక్కువగా ఆ పునాది నుంచే వచ్చాయి.

ఆ పునాది పాతది. మెల్‌బోర్న్‌లోని బిగ్ యాంట్ స్టూడియోస్ 2014లో డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 తెచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే, 2013 నవంబరులో, మరో సంస్థ చేసిన యాషెస్ క్రికెట్ 2013 స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడుదలై, ఆడలేనంత అధ్వానంగా ఉండటంతో కొద్ది రోజుల్లోనే అమ్మకం నుంచి తొలగిపోయింది. కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చారు. ఆ నిరాశ మీద వచ్చిన బ్రాడ్‌మన్ 14 బ్యాటింగ్‌ను కంట్రోలర్ మీది రెండు స్టిక్‌ల మీదికి మార్చింది. ఎడమ స్టిక్‌తో పాదం, కుడి స్టిక్‌తో షాట్. బౌలింగ్‌లో కూడా బౌలర్ గంతు, చేతి నుంచి బంతి విడుపు రెండూ స్టిక్ కదలికలే. 2016లో బ్రాడ్‌మన్ 17, 2017లో యాషెస్ క్రికెట్, తర్వాత క్రికెట్ 19, 2021 డిసెంబరులో క్రికెట్ 22, ఆ తర్వాత 2023 అక్టోబరు 5న క్రికెట్ 24 వచ్చాయి. మధ్యలో, 2021లో, ఫ్రాన్స్‌కు చెందిన వీడియో గేమ్‌ల సంస్థ నకాన్ ఈ స్టూడియోను కొనేసింది. ఇన్నేళ్లలో బొమ్మ మెరుగైంది, ముఖాలు స్కాన్ చేశారు, స్టేడియాలు పెరిగాయి. బ్యాటు, బంతి, ఫీల్డర్ మధ్య సంబంధం మాత్రం వరసగా ఒక ఆట నుంచి మరో ఆటకు వారసత్వంగా వచ్చిందే.

ముందు బలాల గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే అవి చిన్నవి కావు. ఇందులో షాట్ నిజంగా మనం ఆడినట్టే ఉంటుంది. బంతి లెంగ్త్ చదవాలి, పాదం ముందుకో వెనక్కో తేల్చుకోవాలి, ఆ తర్వాత సమయం చూసి నొక్కాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా ఫలితం మారుతుంది. షార్ట్ బంతికి ముందుకు వెళ్లి డ్రైవ్ చేయబోతే ఎంత బాగా టైమ్ చేసినా బంతి బ్యాటు పైభాగానికి తగులుతుంది. బౌలింగ్‌లో క్రీజు దగ్గర గంతు ఆలస్యమైతే నోబాల్, విడుపు తప్పితే అనుకున్న లెంగ్త్ రాదు. అలసిన ఫాస్ట్ బౌలర్‌తో యార్కర్ వేయడం అలసట లేని బౌలర్‌తో వేసినంత సులువు కాదు. ఈ శ్రమ వల్లే ఆరు ఓవర్ల స్పెల్ ఒక కథలా అనిపిస్తుంది. అకాడమీ అనే విభాగంలో ఆటగాళ్లను, జట్లను, లోగోలను, మైదానాలను సొంతంగా తయారుచేసుకోవచ్చు. ఇంత లోతైన ఎడిటర్ ఉన్న క్రీడల ఆటలు చాలా తక్కువ. మహిళల క్రికెట్‌కు పురుషుల క్రికెట్‌తో సమానంగా చోటు ఇవ్వడం కూడా ఈ వరస ఆటలు నిలబెట్టుకున్న మంచి పని.

ఇక సమస్యలు.

మొదట కాలం లెక్క. పిచ్ పొడవు 20.12 మీటర్లు. రెండు వైపులా పాపింగ్ క్రీజు (బ్యాటర్ నిలబడే గీత) వికెట్ల కంటే 1.22 మీటర్లు ముందుకు ఉంటుంది. అంటే బౌలర్ చేతి నుంచి బ్యాటర్ దాకా దాదాపు 17.7 మీటర్లు. 140 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 38.9 మీటర్లు. గాలి, పిచ్ వల్ల తగ్గే వేగాన్ని కలుపుకొని బంతి బ్యాటర్‌ను చేరడానికి అర సెకను పడుతుంది. 60 ఫ్రేమ్‌ల దగ్గర అది 30 బొమ్మలు, 30 ఫ్రేమ్‌ల దగ్గర 15 బొమ్మలు. చక్కని టైమింగ్‌కు ఆట ఇచ్చే గడువు అందులో కొద్ది ఫ్రేమ్‌లే. టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఆపి ఉండి, బొమ్మ 80 మిల్లీసెకన్లు ఆలస్యంగా కనబడుతోందనుకోండి. 60 ఫ్రేమ్‌ల లెక్కన దాదాపు 5 ఫ్రేమ్‌లు పోయినట్టే. మీరు సరిగ్గా నొక్కినా ఆట దృష్టిలో అది ఆలస్యమే.

ప్యాచ్ తర్వాత "టైమింగ్ మారిపోయింది" అన్న ఫిర్యాదుల్లో ఇది మొదట చూడాల్సిన సంగతి. ప్యాచ్ దిగాక ఒక్కోసారి గ్రాఫిక్స్ సెట్టింగ్‌లు మొదటికి వస్తాయి. వీ-సింక్ (ఫ్రేమ్‌లను తెర వేగానికి కట్టే సెట్టింగ్) తిరిగి ఆన్ కావచ్చు, రిజల్యూషన్ పెరిగి ఫ్రేమ్‌లు పడిపోవచ్చు. బ్యాటింగ్ కష్టం ఒక్క గీత కూడా మారకుండానే ఆట కష్టమైపోయినట్టు అనిపిస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. పీసీలో ఫ్రేమ్‌లను 60 దగ్గర కట్టేయండి. 55 నుంచి 95 మధ్య ఊగే వేగం కంటే కదలని 60 మేలు, ఎందుకంటే మన వేలు అలవాటుపడేది వేగానికి కాదు, నిలకడకు. వీలైతే కంట్రోలర్‌ను వైరుతో కలపండి. ఇవన్నీ చూశాకే కష్టం స్థాయిని ముట్టుకోవాలి.

ప్యాచ్ తర్వాత మొదటి మ్యాచ్‌లో ఆట తడబడితే కంగారు పడక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు ప్రతి దృశ్యానికీ షేడర్లను (బొమ్మకు రంగు, వెలుగు లెక్కవేసే చిన్న ప్రోగ్రామ్‌లను) మళ్లీ తయారుచేసుకుంటుంది. అదే స్టేడియంలో రెండో మ్యాచ్ ఆడేటప్పుడు కూడా తడబాటు ఉంటేనే అది నిజమైన సమస్య. అప్పుడు విండోస్ డిస్క్ క్లీనప్‌లో డైరెక్ట్ఎక్స్ షేడర్ క్యాష్‌ను తుడిచేసి చూడండి. స్టీమ్ లైబ్రరీలో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌కు వెళ్లి, ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో వెరిఫై చేయించండి. మోడ్‌లు (అభిమానులు తయారుచేసిన మార్పు ఫైళ్లు) వేసుకున్నవాళ్లు ప్యాచ్‌కు ముందే వాటిని తీసేయాలి. పాత ఫైలు మీద కొత్త ప్యాచ్ కూర్చుంటే వచ్చే క్రాష్‌ను స్టూడియో ఎప్పటికీ సరిచేయలేదు.

తర్వాతిది ఫీల్డింగ్. ఈ ఆటకు ఎక్కువ చెడ్డపేరు తెచ్చింది ఇదే, ప్యాచ్‌లు ఎక్కువగా తడుముకున్నదీ ఇక్కడే. కారణం అర్థం కావాలంటే ఫీల్డర్ ఎలా పనిచేస్తాడో తెలియాలి. బంతి బ్యాటును తాకిన క్షణానే అది ఎక్కడ పడుతుందో, ఎంత ఎత్తు లేస్తుందో ఆటకు తెలిసిపోతుంది. ఏ ఫీల్డర్ ఎక్కడ అందుకోగలడో లెక్క వేసి, ముందే చిత్రించి పెట్టుకున్న కదలికల్లోంచి దానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. వంగి పట్టడం, డైవ్ చేయడం, జారుతూ ఆపడం, ఇలా. కానీ మైదానంలో బంతి రాగలిగే దారులు లెక్కలేనన్ని, చిత్రించిన కదలికలు మాత్రం కొన్నే. చేతికీ బంతికీ మధ్య మిగిలిపోయే ఖాళీని ఆట బంతిని చేతివైపు లాగి పూడుస్తుంది. ఆ లాగుడు కొద్దిగా ఉంటే మనం గమనించం. ఎక్కువైతే బంతి గాల్లో వంకర తిరిగి చేతిలో అతుక్కున్నట్టు, ఫీల్డర్ నేల మీద జారిపోయినట్టు కనిపిస్తుంది. ఒకసారి కదలిక మొదలయ్యాక అది పూర్తయ్యేదాకా ఫీల్డర్ దానికి కట్టుబడి ఉంటాడు. పక్కనుంచి పోతున్న బంతిని చూస్తూ డైవ్ పూర్తిచేసే ఫీల్డర్లు, బంతి చేతిలో ఉంచుకుని విసరడానికి తాత్సారం చేసే ఫీల్డర్లు కనబడేది ఇందుకే.

ఇక్కడ ప్యాచ్ ఏం చేయగలదు? లాగుడు దూరం తగ్గించవచ్చు. అప్పుడు బొమ్మ సహజంగా ఉంటుంది, కానీ ఫీల్డర్లు ఎక్కువ బంతులు వదిలేస్తారు, ఫోర్లు పెరుగుతాయి. ఫోర్లు పెరిగాయని ఫీల్డర్ పరుగు వేగం పెంచితే ఖాళీలు మూసుకుపోతాయి. ఎంత మూసుకుపోతాయో ఒక్క లెక్కతో చూడండి. బౌండరీ 65 మీటర్లు, ఇద్దరు ఫీల్డర్లు గీత దగ్గర 60 డిగ్రీల ఎడంలో ఉన్నారు. వాళ్ల మధ్య గీత పొడవు దాదాపు 68 మీటర్లు. బంతి గీత చేరడానికి 3 సెకన్లు పట్టిందనుకుందాం. ఒక్కొక్కరు సెకనుకు 6 మీటర్లు పరిగెత్తితే ఇద్దరూ కలిసి 36 మీటర్లు కాపాడతారు, 32 మీటర్లు ఖాళీ. వేగం 7 మీటర్లయితే ఖాళీ 26 మీటర్లకు పడిపోతుంది. సెకనుకు ఒక్క మీటరు తేడాతో ఫోర్ కొట్టగలిగే చోటు అయిదోవంతు మాయమైంది. దానికి విరుగుడుగా షాట్ బలం పెంచితే సిక్సర్లు తేలికైపోతాయి. సిక్సర్లు తగ్గించడానికి టైమింగ్ గడువు కుదిస్తే మళ్లీ కొత్తగా ఆడేవాళ్లు గగ్గోలు పెడతారు. నులక మంచంలో ఒక వరస బిగిస్తే పక్క వరస వదులైనట్టు, ఒక చోట సరిచేసింది ఇంకో చోట తేలుతుంది. కొత్త కదలికలు చిత్రించి చేర్చడమే అసలు మందు. అందుకు నటులు, పరికరాలు, నెలల పని కావాలి. విడుదలైపోయిన ఆటకు ఏ సంస్థా అంత ఖర్చు పెట్టదు. అందుకే ఫీల్డింగ్‌లో ప్యాచ్‌ల మెరుగు ఒక హద్దు దగ్గర ఆగిపోయింది. ఇకపై ఈ ఆటలో అది పెద్దగా దాటుతుందని ఆశించడం వ్యర్థం.

టెస్టు క్రికెట్ దగ్గరికి వద్దాం. ఇక్కడి చిక్కు ఇంకా లోతైనది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

సగటున 60 బంతులకు ఒక వికెట్ పడే ఇన్నింగ్స్‌ను ఊహించుకోండి. పది వికెట్లకు 600 బంతులు, అంటే 100 ఓవర్లు. రోజుకు 90 ఓవర్ల లెక్కన నాలుగు ఇన్నింగ్స్‌లూ పూర్తిగా సాగితే 400 ఓవర్లు, మ్యాచ్ అయిదో రోజుకు చేరుతుంది. ఇప్పుడు ఒక ప్యాచ్‌లో ఎడ్జ్‌లు (బంతి బ్యాటు అంచుకు తగలడం) కాస్త పెరిగి 40 బంతులకో వికెట్ పడుతోందనుకోండి. ఇన్నింగ్స్ 66 ఓవర్ల 4 బంతులకు ముగుస్తుంది. నాలుగూ కలిపి 267 ఓవర్లు కూడా ఉండవు. టెస్టు మూడో రోజు సాయంత్రానికి అయిపోతుంది. డిక్లరేషన్, ఫాలోఆన్, పగుళ్లు తేలిన అయిదో రోజు పిచ్ మీద స్పిన్, డ్రా కోసం చివరి గంట పోరాటం, ఇవేవీ కనబడవు. ఆట వాటిని చేర్చలేదని కాదు, అక్కడి దాకా మ్యాచ్ వెళ్లదు.

అదే టీ20లో చూడండి. 120 బంతుల్లో ఆరు వికెట్లు పడాలంటే 20 బంతులకు ఒకటి పడాలి. టెస్టుకు సరిపోయే ఎడ్జ్ అంకె పెడితే టీ20లో రెండు వికెట్లకు 220 పరుగులు వస్తాయి. టీ20కి సరిపోయేది పెడితే టెస్టు రెండు రోజుల్లో ముగుస్తుంది. బ్యాటర్ ఎంత రిస్కు తీసుకుంటాడన్నదే ఈ తేడాను పూడ్చాలి. నిజమైన క్రికెట్‌లో పూడ్చేది అదే. ఆటలో ఆ పని ఏఐ (కంప్యూటర్ నడిపే ఆటగాడు) చేయాలి, అక్కడే అది తడబడుతుంది. పరిమిత ఓవర్లలో ఏఐకి స్పష్టమైన లెక్క ఉంది: మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు, కావలసిన పరుగులు. వాటిని బట్టి దూకుడు పెంచడం, తగ్గించడం సులువు. టెస్టులో అలాంటి గీటురాయి లేదు. లంచ్‌కు ముందు మూడు ఓవర్లు ఆగడం, కొత్త బంతి పాతబడేదాకా ఓపిక పట్టడం, 200 ఆధిక్యం ఉన్నా ఫాలోఆన్ ఇవ్వకపోవడం, ఇవి ఒక సెషన్ మొత్తాన్ని చూసి తీసుకునే నిర్ణయాలు. ఏఐ ఎక్కువగా ఒక్కో బంతికి నిర్ణయం తీసుకుంటుంది. అందుకే టెస్టులో కూడా ఓవర్‌కు నాలుగైదు పరుగులు కొడుతూ వన్డేలా ఆడుతుంది, లేదంటే ఫీల్డ్ తెరిచి పెట్టినా సింగిల్ తీయకుండా దిమ్మెరపోయి నిలబడుతుంది. ప్యాచ్‌లు ఈ రెండు చివరల మధ్య అటూ ఇటూ ఊగాయి.

దీనికి ఆడేవాళ్ల చేతిలో ఉన్న మందు ఒకటే: టీ20కి ఒక సెట్టింగ్‌ల వరస, వన్డేకు ఒకటి, టెస్టుకు ఒకటి విడివిడిగా రాసి పెట్టుకోండి. ఫార్మాట్ మారినప్పుడల్లా అవి మార్చండి. టెస్టుకు ఎడ్జ్‌లు తగ్గించి, ఏఐ దూకుడు తగ్గించి, టైమింగ్ కష్టం మాత్రం అలాగే ఉంచడం మంచి మొదలు. అన్ని ఫార్మాట్లకూ ఒకే "బెస్ట్ స్లైడర్లు" (ఈ సెట్టింగ్‌లను జరిపే గీతల అంకెలు) అని ఎవరైనా పంచితే, వాళ్లు ఏ ఫార్మాట్, ఎన్ని ఓవర్లు, ఏ పిచ్ మీద ఆడుతున్నారో చెప్పనిదే అవి పనికిరావు.

ఆ స్లైడర్లను పరీక్షించడానికీ ఒక పద్ధతి కావాలి. ఒకే రెండు జట్లు, ఒకే పిచ్, ఒకే వాతావరణం, ఒకే కష్టం స్థాయి పెట్టుకుని పదేసి ఓవర్ల మ్యాచ్‌లు మూడు ఆడండి. ఒక్కో జట్టుకు 180 బంతులు వస్తాయి. డాట్ బంతులు, సింగిల్స్, ఫోర్లు, సిక్సర్లు, వికెట్లు ఏ రకంగా పడ్డాయో కాగితం మీద గీతలు పెట్టుకోండి. వికెట్లన్నీ కీపర్ క్యాచ్‌లే అయితే ఎడ్జ్‌ల అంకె ఎక్కువగా ఉందని అర్థం. బౌల్డ్, ఎల్‌బీడబ్ల్యూ దాదాపు లేకపోతే ఏఐ నేరుగా వచ్చే బంతులను అతి కచ్చితంగా ఆడుతోందని అర్థం. తర్వాత ఒక్క స్లైడర్‌ను మాత్రమే కొద్దిగా కదిపి మళ్లీ ఆడండి. రెండు ఒకేసారి కదిపితే ఏది పనిచేసిందో తెలియదు. ఇంకో జాగ్రత్త: 20 బంతులకో వికెట్ చొప్పున 180 బంతులకు 9 వికెట్లు రావాలి, కానీ అదృష్టం వల్లే 6 నుంచి 12 దాకా మారడం మామూలు. ఒక్క మ్యాచ్‌లో అయిదు వికెట్లు టపటపా పడ్డాయని ప్యాచ్ మీద తీర్పు ఇచ్చేయకూడదు.

పరీక్ష చెడగొట్టేది ఇంకొకటుంది, అది ఈ గేమ్ ఆడే భారతీయులకే ఎక్కువ తగిలేది. క్రికెట్ 24లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లు లైసెన్స్‌తో అసలు పేర్లు, ముఖాలతో ఉన్నాయి. భారత జాతీయ జట్టుకు లైసెన్స్ లేదు. కాబట్టి మనవాళ్లు అకాడమీలో గేమ్ ఆడే ఇతరులు చేసి పెట్టిన జట్లను దించుకుంటారు. వాటిలో పోలికలు అద్భుతంగా ఉంటాయి, అందుకు పడ్డ కష్టం నిజంగా మెచ్చుకోదగ్గది. సమస్య నైపుణ్యం అంకెలతో. అభిమానంతో చేసిన జట్టులో పదకొండు మందికీ 90 దాటిన అంకెలు ఉంటే, ఆ జట్టు మీద ఏ బౌలింగూ పనిచేయదు. ఎనిమిదో నంబరు బౌలర్ కూడా కవర్ డ్రైవ్‌లు కొడతాడు. తప్పు ప్యాచ్‌ది అనుకుంటాం, నిజానికి తప్పు ఫైలుది. జట్టు దించుకోగానే టెయిలెండర్ల బ్యాటింగ్, పార్ట్‌టైమ్ బౌలర్ల బౌలింగ్ అంకెలు తెరిచి చూడండి. లైసెన్స్ ఉన్న ఆస్ట్రేలియా జట్టులో అదే పాత్రలో ఉన్న ఆటగాడి అంకెల పక్కన పెట్టి సరిచేయండి.

జట్టు పాతబడటం కూడా ఇలాంటిదే. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టుల్లోకి వచ్చింది 2024 నవంబరులో. డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. ఆట వచ్చింది 2023లో. అతన్ని టెస్టు జట్టులో ఆడించాలంటే ఎవరో తయారుచేసినది దించుకోవాలి, లేదా మనమే చేసుకోవాలి. కొత్త జట్టు దించినా మధ్యలో ఉన్న కెరీర్‌లో అతను కనబడకపోతే ఆశ్చర్యపోవద్దు. ఇలాంటి ఆటల్లో కెరీర్ మొదలుపెట్టిన రోజు ఉన్న జట్ల వివరాలు ఆ సేవ్‌లోనే నిలిచిపోవడం మామూలు. కాబట్టి వరస ముఖ్యం: ముందు ప్యాచ్, తర్వాత జట్లు, వాటి అంకెల సవరణ, ఆ తర్వాతే కొత్త కెరీర్.

కెరీర్ మోడ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్న స్థాయిలో మొదలై, శిక్షణ, గాయాలు, విలేకరుల ప్రశ్నల మధ్య దేశం జట్టు దాకా ఎదగడం మొదటి ఏడాదంతా కట్టిపడేస్తుంది. ఆ తర్వాత ప్రశ్నలు తిరిగి తిరిగి అవే వస్తాయి. వ్యాఖ్యానం కూడా అంతే. ఆన్‌లైన్‌లో నెట్ ఆలస్యం ముందు చెప్పిన ఫ్రేమ్‌ల లెక్కకు అదనంగా కలుస్తుంది గనక ఫాస్ట్ బౌలింగ్‌ను ఎదుర్కోవడం కష్టం. దగ్గరి ఊళ్లో ఉన్న స్నేహితుడితో, ఇద్దరూ వైఫై కాకుండా వైరుతో కలిపి ఆడితేనే అది నిజమైన పోటీగా ఉంటుంది.

సేవ్‌ల విషయంలో మాత్రం ఆగి జాగ్రత్త చెప్పాలి. సగంలో ఆపిన టెస్టు మ్యాచ్‌ను ప్యాచ్ దిగకముందే పూర్తిచేయండి. సేవ్ ఫైలులో ఆ క్షణపు ఆట స్థితి అంతా ఉంటుంది. ప్యాచ్‌లో ఆ స్థితి రాసే తీరు మారితే మ్యాచ్ తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా స్కోరుబోర్డు గందరగోళం కావచ్చు. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ఆట తెరిచినప్పుడే అప్‌డేట్ దిగేలా పెట్టుకుంటే కొంత సమయం దొరుకుతుంది. ఎక్స్‌బాక్స్‌లో సేవ్‌లు ఉచితంగా క్లౌడ్‌కు వెళ్తాయి. పీఎస్4 సేవ్‌లను యూఎస్‌బీలోకి కాపీ చేసుకోవచ్చు. పీఎస్5 ఆటల సేవ్‌లను విడిగా యూఎస్‌బీలోకి తీయడం కుదరదు, క్లౌడ్ కావాలంటే పీఎస్ ప్లస్ చందా ఉండాలి. రెండేళ్ల కెరీర్ ఉన్నవాళ్లు ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

లోపం కనబడితే స్టూడియోకు చెప్పే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. "ఫీల్డింగ్ చెత్తగా ఉంది" అన్న మాటతో ప్రోగ్రామర్ ఏమీ చేయలేడు. ఏ కన్సోల్ లేదా పీసీ, మెనూలో కనబడే వెర్షన్ అంకె ఎంత, ఏ మోడ్, ఏ ఫార్మాట్, ఎన్నో ఓవర్, ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడు, కంట్రోల్స్ ఏ రకం, కష్టం స్థాయి ఏది, ఇవి రాసి, పది సెకన్ల వీడియో జత చేయాలి. విండోస్‌లో బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ముందే ఆన్ చేసుకుంటే విండోస్, ఆల్ట్, జీ కలిపి నొక్కగానే గడిచిన 30 సెకన్లు వీడియోగా నిలుస్తాయి. పీఎస్5లో క్రియేట్ బటన్, కొత్త ఎక్స్‌బాక్స్‌లో షేర్ బటన్ అదే పని చేస్తాయి. లోపాన్ని స్టూడియో మళ్లీ తెప్పించగలిగితేనే సరిచేయగలదు. మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ వస్తుందా, ఒక్కసారే వచ్చిందా అన్నది కూడా రాయండి.

ప్యాచ్‌లే లేకుండా బతికిన ఆట కూడా ఒకటి మన కళ్ల ముందే ఉంది. 2006 చివర్లో వచ్చిన ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07 తర్వాత ఈఏ క్రికెట్‌నే వదిలేసింది. అయినా నెట్ సెంటర్లలో, హాస్టల్ గదుల్లో అది ఏళ్ల తరబడి నడిచింది. కారణం అభిమానులు మార్చగలిగే ఫైళ్లు: జెర్సీలు, ముఖాలు, జట్లు, మైదానాలు. పైపై పొరలన్నీ కొత్తవయ్యాయి. లోపలి బ్యాటింగ్ మాత్రం మొదటి రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. ముందుకు దూకి బౌలర్ తల మీదుగా కొట్టే సులువైన సిక్సర్‌ను ఏ అభిమాని ప్యాచూ పూర్తిగా పోగొట్టలేదు. క్రికెట్ 24కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. జట్లు, జెర్సీలు, అంకెలు ఎన్నిసార్లయినా మారతాయి, ఫీల్డర్ డైవ్ మారదు.

ఫోన్ మీద ఆడేవాళ్లకు లెక్క వేరు. చెన్నైకి చెందిన నెక్స్ట్‌వేవ్ మల్టీమీడియా వారి డబ్ల్యూసీసీ 3 (వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ 3), నాటిలస్ మొబైల్ వారి రియల్ క్రికెట్ వరస నిరంతరం అప్‌డేట్ అవుతూ ఉంటాయి. అవి ఉచితంగా వస్తాయి, లోపల కొనుగోళ్లతో నడుస్తాయి. కాబట్టి అప్‌డేట్ తర్వాత మొదట చూడాల్సింది బంతి కదలిక కాదు, డబ్బు పెట్టకుండా జట్టు ఎదుగుదల ఎంత నెమ్మదించిందన్నది. డబ్ల్యూసీసీ 3లో వెంకటపతి రాజు గొంతుతో తెలుగు వ్యాఖ్యానం వినబడటం మాత్రం ఖరీదైన కన్సోల్ ఆటలు ఇప్పటికీ మనకు ఇవ్వని సంతోషం.

ఇక క్రికెట్ 24 కొనాలా? టీ20లు, వన్డేలు ఆడేవాళ్లకు, అకాడమీలో జట్లు చేసుకోవడం ఇష్టమున్నవాళ్లకు తగ్గింపు ధరలో ఉన్నప్పుడు తప్పకుండా కొనదగ్గ ఆట. అయిదు రోజుల టెస్టు కోసమే కొనేవాళ్లు స్లైడర్లతో కుస్తీ పట్టే ఓపిక ఉంటేనే కొనాలి. ఫీల్డర్ జారుడు చూసి మనసు విరిగేవాళ్లు మానుకోవడం మంచిది, ఎందుకంటే అది పోదు. పీసీలో కొంటే స్టీమ్ నియమం ఉపయోగించుకోండి: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల లోపు ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ప్లేస్టేషన్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, ఆటలోనే లోపం ఉంటే తప్ప, ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు. ఆ రెండు గంటల్లో కెరీర్ జోలికి వెళ్లకండి, మెనూల్లో సమయం పోతుంది. పది నిమిషాలు గ్రాఫిక్స్ సరిచేసి, ఇరవై నిమిషాలు నెట్స్‌లో 140 వేగం బంతులు ఆడి టైమింగ్ మీ టీవీ మీద కుదురుతుందో చూడండి. తర్వాత ఒకే స్టేడియంలో రెండు అయిదు ఓవర్ల మ్యాచ్‌లు ఆడండి. రెండో దానిలో ఫ్రేమ్‌లు పడిపోతున్నాయా, ఇన్నింగ్స్ విరామంలో క్రాష్ అవుతోందా గమనించండి. ఏఐ బ్యాటింగ్ చేసేటప్పుడు ఫీల్డర్లందరినీ గీత దగ్గర పెట్టి, అది సింగిల్స్ తీస్తుందో లేదో చూడండి. తీయకుండా ప్రతి బంతినీ గాల్లోకి లేపుతుంటే, ఆ వెర్షన్‌లో టెస్టులు ఎలా ఉంటాయో మీకు అక్కడే తెలిసిపోతుంది.